రంగు తినే నూనె

“కారులో నూనె తీసింది నువ్వేనా?”

నేను ఇలా అడగడం ఇది మూడోసారి. ఏసోబు ఈసారీ తల ఎత్తలేదు. నల్లబండ పోలీసు స్టేషన్ లాకప్పులో గోడకు వీపు ఆనించి కూర్చుని, తన అరచేతులు తానే చూసుకుంటున్నాడు. మనిషి నలభై దాటినవాడు. క్వారీ కాంట్రాక్టరు చెన్నకేశవరావు దగ్గర ఏళ్ల తరబడి డ్రైవరు. మొన్న మంగళవారం చెన్నకేశవరావు కారు సాగర్ రోడ్డు ఘాటు దిగుతుండగా ఇంజన్ బిగుసుకుపోయింది. వెనక చక్రాలు పట్టేశాయి, కారు పక్కకు జారి లోయలో పడింది, మనిషి చచ్చిపోయాడు. విప్పి చూస్తే ఇంజన్లో చుక్క నూనె లేదు. నూనె చూసుకోవాల్సినవాడు ఏసోబు. పైగా అదే రోజు మధ్యాహ్నం చెన్నకేశవరావు అతన్ని క్వారీ కూలీలందరి ముందూ చెంప మీద కొట్టాడు. పోలీసులకు ఇంతకన్నా ఏం కావాలి! రేపు పొద్దున గురజాల కోర్టులో హాజరు పెడతారు. కేసు హత్య. నిలబడితే ఉరి.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పేరు దైవాధీనం. ఎయిర్‌ఫోర్సులో ఇంజన్ మెకానిక్‌గా చేసి బయటికొచ్చి, నరసరావుపేటలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాను. నిరుడు నా భార్య కాంతమ్మ పోయింది. అప్పటినుంచి నాకు ఎవరి ఏడుపు విన్నా, ఎలాంటి శవాన్ని చూసినా ఏమీ అనిపించడం లేదు. తింటాను, పడుకుంటాను, పనికి పోతాను. అంతే. అందువల్ల ఏసోబు మీద నాకు జాలి కలిగిందని ఎవరూ అనుకోవద్దు. అతని మొండితనానికి ఒళ్లు మండింది, అది మాత్రం నిజం.

“ఒరేయ్ ఏసోబూ! నేను పోలీసువాణ్ణి కాదు. నీ తరఫున వచ్చినవాణ్ణి. నీ భార్య దేవమ్మ బస్సెక్కి నా గుమ్మం దాకా వచ్చి నన్ను మాట్లాడుకుంది.”

అప్పుడు ఎత్తాడు తల.

“దేవమ్మా? మిమ్మల్నా?”

“అవును.”

“ఎందుకంట?”

ఇంత వింత ప్రశ్న నేను ఏ లాకప్పులోనూ వినలేదు. “ఎందుకేమిటయ్యా! మొగుడు ఉరికంబం ఎక్కబోతుంటే ఏ ఆడదైనా ఊరుకుంటుందా? నీకు మతి గాని పోయిందా?”

అతను మళ్లీ అరచేతుల్లోకి దిగిపోయాడు. కాసేపటికి, “నన్నిక్కడే ఉండనియ్యండి సార్” అన్నాడు. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. నా గొంతు కూడా ఈ మధ్య ఇలాగే ఉంటోంది కాబట్టి గుర్తుపట్టాను.

సరే, దారి మార్చాను. డ్రైవరును కారు గురించి అడిగితే నోరు తెరవకుండా ఉండలేడు.

“ఆ కారులో పోసేది ఏం నూనె?”

“ఇమానాల నూనె అంట సార్. అయ్యగారి మేనల్లుడు బెంగుళూరు నించి టిన్నులు తెచ్చాడు. భూమిలోనించి తోడింది కాదంట, ఫ్యాక్టరీలో మందులు కలిపి వొండిందంట. పల్నాడు మొత్తానికి నా ఒక్కడి కారులోనే ఉందని అయ్యగారు చానా గొప్పలు పోయేవోడు.”

నాకు అర్థమైంది. జెట్ విమానాల ఇంజన్లలో వాడే సింథటిక్ ఆయిల్. దానితో కొన్నేళ్లు చేతులు తడుపుకున్నవాణ్ణి నేను. మన పెట్రోలు బంకుల్లో దొరికే నూనె వేడికి పలచబడి కాలిపోయే చోట కూడా అది నిలబడుతుంది. కారులో పోయకూడదని కాదు గాని, దాని గుణాలు తెలియనివాడి చేతిలో పెట్టాల్సిన వస్తువు కాదు.

“మంగళవారం నూనె చూశావా?”

“పొద్దున్నే మాచర్లలో చూశా. కాస్త తగ్గితే పోశా. నూనె కొలిచే పుల్ల మీద గీత దాకా ఉంది. పోసేటప్పుడు బానెట్టు మీద నాలుగు చుక్కలు పడ్డయ్.”

“తర్వాత?”

“క్వారీకి పోయినాం. అయ్యగారు గుమాస్తాతో కలిసి భోంచేసి ఆఫీసు గదిలో నడుం వాల్చాడు. కారు షెడ్డు ఎనక పెట్టా. దేవమ్మ కంకర కొట్టే కాడ్నించి కూడు తెచ్చింది. తిని, చింతచెట్టు కింద నేనూ పడుకున్నా.”

“లేచాక?”

“అయ్యగారు లేచొచ్చి బానెట్టు చూశాడు. చుక్కలు పడ్డ కాడల్లా రంగు పొక్కిపోయింది. దాంతో కొట్టాడు. తాళాలు లాక్కొని, ‘నువ్వు నడిచి చావు’ అని తనే తోలుకొని పోయాడు.”

“నీకు కోపం రాలేదా?”

“తప్పు నాదే గదా సార్. ఒలకబోసింది నేనేగా.”

“మరి ఇంజన్లో నూనె ఎవరు తీశారు?”

అంతే, తలుపు మూసినట్టు మూసేశాడు. నేను బయటికొచ్చేసరికి స్టేషన్ మెట్ల మీద దేవమ్మ కూర్చుని ఉంది. బక్కపలచని మనిషి, రాళ్లు కొట్టి కొట్టి కాయలు కాసిన చేతులు. ఏడ్చిన జాడ కూడా లేదు. “ఇడుస్తారా సార్?” అని మాత్రం అడిగింది. ఇంకా తెలియదన్నాను. తల ఊపి కొంగు సర్దుకుంది.

కారును లారీకి కట్టి మాచర్లలో అబ్దుల్ జబ్బార్ షెడ్డుకు చేర్చారు. జబ్బార్ పేరున్న మెకానిక్. నోరు అంతకన్నా పేరున్నది.

“రండి సాబ్, రండి! నేను ఈ కారు మొహం చూడనని ఎప్పుడో చెప్పినా. ఆ నూనె నా షెడ్డులోకి తేవొద్దన్నా. మా వాడు ఒకసారి ఆ టిన్ను నా బల్ల మీద పెడితే కొత్తగా ఏసిన రంగంతా మేక తోలు ఒలిచినట్టు వచ్చేసింది. అది నూనె కాదు సాబ్, తేజాబు!”

“యాసిడ్ కాదు జబ్బార్. దాని గుణమే అంత. ఇంజన్‌ని బాగానే చూసుకుంటుంది, రంగును మాత్రం తినేస్తుంది. మా విమానాల దగ్గర ఒక్క చుక్క రెక్క మీద పడినా అప్పటికప్పుడు తుడిపించేవాళ్లు.”

“నూనె రంగు తింటదా? మంచి కాలమొచ్చింది!”

గోనెపట్ట అడిగి తీసుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాను. పై భాగం నుజ్జునుజ్జయింది గాని, ఇంజన్ అడుగున నూనె నిలిచే చాంబరు సొట్టపోయినా పగలకుండా ఉంది. దాని అడుగున నూనె తీసే బోల్టు ఉంటుంది. చేత్తో తిప్పి చూశాను, కదల్లేదు. జబ్బార్ స్పానర్ అందిస్తే గట్టిగా పట్టి తిప్పాల్సి వచ్చింది. అంటే దారిలో వదులై ఊడింది కాదు. ఎవరో విప్పారు, నూనె పట్టారు, మళ్లీ ఒద్దికగా బిగించారు.

తర్వాత రంగు చూశాను. బోల్టు చుట్టూ నల్ల రంగు బొబ్బలెక్కి ఉంది. బోల్టు కిందివైపు అంచున మరీ ఎక్కువ. వెనక్కి, గేరుబాక్సు వైపు టార్చి వేశాను. అక్కడ పాత దుమ్ము పేరుకుని ఉంది. రంగు చెక్కు చెదరలేదు. పొగ గొట్టం మీద కూడా మరక లేదు.

ఇంకేం చూడాలి! పరుగెత్తే కారులోంచి కారే నూనెను గాలి వెనక్కి కొడుతుంది. అడుగుభాగమంతా తడుస్తుంది, ఈ నూనె అయితే రంగంతా లేచిపోతుంది. ఇక్కడ నూనె నిట్టనిలువుగా కిందికి కారింది. కారు నిలబడి ఉండగా తీసిన నూనె ఇది.

“స్టీరింగు ముందు నూనె చూపించే ముల్లు పని చేస్తోందా?” అని కింద నుంచే అడిగాను.

“ముల్లా? అది చచ్చి ఏడాదైంది సాబ్. మార్చమంటే ఆ పెద్దమనిషి ఎనకాముందూ ఆడేవోడు. నూనె ఉందో లేదో ముల్లు చూసి తెలుసుకునే బండి కాదది.”

నా కాళ్ల దగ్గర బూట్లు ఆగాయి. మెరిసే బూట్లు. వాటిని చూడగానే మనిషెవరో తెలిసింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మృత్యుంజయరావు. నాకూ ఆయనకూ పడదు. ఇదివరకు ఆయన మూసేసిన ఒక దొంగతనం కేసును నేను తిరగదోడాను, అప్పటినుంచి నేనంటే ఆయనకు కంట్లో నలుసు.

“ఏమయ్యా దైవాధీనం, కారు కింద పడుకుంటే లాకప్పు తలుపులు తెరుచుకుంటాయా?”

“మీరు కూడా పడుకుని చూడండి సార్. ఒక బోల్టు చూపిస్తాను.”

“నాకు బోల్టులు అక్కర్లేదు. దెబ్బ తిన్నాడు, కక్ష పట్టాడు, నూనె తీశాడు. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే కేసు. దీన్ని కూడా చిక్కుముడి చేసి ఫీజు గుంజుదామని వచ్చావా?”

నేను లేచి, చేతులు తుడుచుకున్నాను. ఆయన మాటకు కోపం రావాలి. రాలేదు. పని మాత్రం ముందుకు సాగాలి కదా.

“మంగళవారం పొద్దున మాచర్ల నుంచి క్వారీ దాకా కారు బాగానే పోయింది కదా సార్?”

“పోయింది.”

“అయితే నూనె క్వారీలోనే పోయింది. నూనె తీశాక ఈ ఇంజన్ ఆ ఘాటు మలుపు దాకా పోవడమే గొప్ప. బంకు నూనె అయితే క్వారీ దాటగానే ఆగిపోయేది. ఈ నూనె లోహాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి దిగుడు దాకా లాగింది. అందుకే ప్రాణం పోయింది.”

“నేనూ అదే అంటున్నా. క్వారీలో తీశాడు.”

“ఎప్పుడు తీశాడు?”

“దెబ్బ తిన్నాక.”

“క్వారీ గుమాస్తా మీకేం చెప్పాడు? చెన్నకేశవరావు కొట్టాక ఏం చేశాడు?”

“తాళాలు లాక్కుని కారెక్కి పోయాడు.”

“ఎంతసేపటికి?”

“ఎంతసేపేంది! అప్పటికప్పుడే.”

“అయితే ఏసోబు దెబ్బ తిని, కారు కిందికి దూరి, బోల్టు విప్పి, నూనె ఒక్కో చుక్కా కారేదాకా కూర్చుని, మళ్లీ బోల్టు బిగించేదాకా చెన్నకేశవరావు స్టీరింగు పట్టుకుని, ‘కానీయ్ నాయనా’ అని ఎదురు చూశాడంటారా?”

జబ్బార్ పకపకా నవ్వాడు. మృత్యుంజయరావు కళ్లెర్రజేశాడు. “నోర్ముయ్! నీ షెడ్డు లైసెన్సు చూడాల్సొస్తుంది.”

“చూడండి సార్, గోడకే ఉంది” అని జబ్బార్ పక్కకు తప్పుకున్నాడు గాని నవ్వు ఆపలేదు.

“నూనె పోయింది దెబ్బకు ముందు సార్” అన్నాను నేను. “అందరూ భోజనాలు చేసి పడుకున్నప్పుడు. అప్పటికి ఏసోబుకు కక్ష లేదు. ఇంకో మాట. ఆ వేళ వరకు ఆ కారు తోలాల్సింది ఎవరు?”

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు.

“ఏసోబు. తను తోలబోయే కారులో, తను దిగబోయే ఘాటు ముందు, నూనె తీసేసుకునే డ్రైవరును మీ సర్వీసులో చూశారా? ఈ కేసు కోర్టులో నిలబడదు. వకీలు కుర్చీలోంచి లేవకుండానే కొట్టేస్తాడు. రేపు నవ్వులపాలయ్యేది నేను కాదు.”

మృత్యుంజయరావు చెడ్డవాడు కాదు. తొందరపాటు మనిషి. కాసేపు అటూ ఇటూ నడిచి, నన్ను దగ్గరికి పిలిచి ఆ బోల్టూ ఆ రంగూ వంగి చూశాడు. లేచాక ఆయన మొహం మాడిపోయి ఉంది.

“అయితే ఎవడు తీశాడు?”

“ఆ కారులో ఏసోబు ఉంటాడని తెలిసినవాడు. ఉన్నా ఫరవాలేదనుకున్నవాడు. ఏసోబే కావాలనుకున్నవాడు కూడా కావచ్చు.”

“డ్రైవరును చంపాల్సిన పని ఎవడికయ్యా?”

“అది ఇంకా తెలియదు.”

“ఇంకా అరెస్టు రాయలేదు కాబట్టి వదిలేస్తున్నా. నీ పూచీ మీద వదిలేస్తున్నా, గుర్తు పెట్టుకో. పొద్దున్నే వాణ్ణి ప్రాణాలతో తెచ్చి నా ముందు నిలబెట్టాలి. వాడు పారిపోయినా, వాడికేమన్నా అయినా, ఆ లాకప్పు గదిలో నువ్వుంటావు.”

ఒప్పుకున్నాను. గెలిచాననే సంతోషం ఏమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు.

ఇక మిగిలింది నూనె. ఇంజన్లోంచి వచ్చిన నూనె ఎక్కడికో పోవాలి. క్వారీకి పోయి అక్కడి షెడ్డు వెనక నేలంతా వెతికాను, ఎక్కడా మడుగు లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు. మా పల్నాడులో ఇంజన్ నుంచి తీసిన నూనెను నేలపాలు చేసేవాడు ఇంకా పుట్టలేదు. అది డ్రైవరు ఇంటి హక్కు. డ్రైవరు దాన్ని అన్నకో, బావకో, చుట్టుపక్కల బండివాళ్లకో ఇస్తాడు. ఆముదం కొనే పని లేకుండా ఎద్దుబండి ఇరుసుకు కందెన అవుతుంది. నూనె తీసినవాడు దాన్ని దాచాలనుకున్నా ఇంతకన్నా మంచి చోటు లేదు. ఏ బండి ఇరుసు చూసినా నల్లగానే ఉంటుంది. ఎవరి నూనె ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

కాని ఈ నూనె సంగతి వేరు.

క్వారీ కింద బండ్ల బీడులో రాళ్లు దించి విప్పిన బండ్లు వరసగా ఉన్నాయి. చక్రం మధ్యలో ఇరుసు దూరే దిమ్మ ఉంటుంది కదా, ఒక్కో బండి దగ్గర వంగి ఆ దిమ్మనే చూస్తూ పోయాను. బండివాళ్లు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. చాలా బండ్లకు రంగే లేదు. కొన్నింటికి పాత రంగు, ఎండకు వెలిసిందే గాని పొక్కలేదు. చివర ఒక బండి, కొత్తగా ఆకుపచ్చ రంగు వేసింది. రెండు దిమ్మల మీదా రంగు ముడతలు పడి, వేలు పెడితే పొరలుగా ఊడి వచ్చింది. కింద కారిన చోటల్లా కర్ర బయటపడింది.

“ఎవరిదీ బండి?”

“నాదే సార్” అంటూ ఒక పెద్దాయన ఎద్దుల దగ్గర్నుంచి వచ్చాడు. పేరు యోహాను. ఏసోబు స్వయానా అన్న. తమ్ముడి కోసం నేను తిరుగుతున్నానని తెలుసు కాబట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“రంగు ఎప్పుడు వేయించావు?”

“పోయిన నెలేగా. సాగర్ కాడ కిరాయిలు దొరుకుతయ్యని సోకు చేశా. ఏం లాభం? కందెన ఏసిన కాడల్లా లేచిపోయింది. రంగు కొట్టోడు మోసం చేశాడు సార్.”

“కందెన ఎవరిచ్చారు?”

“ఎవురిచ్చేదేంది! ఎప్పుడూ ఇచ్చేవోళ్లే. మా తమ్ముడు నూనె తీసిన్నాడల్లా మా మరదలు దేవమ్మ డబ్బా పట్టి తెచ్చి పెట్టుద్ది. కారు కింద డబ్బా పట్టేది, బోల్టు బిగించేది కూడా ఆయమ్మే. మావోడికి నడుం వంగదు.”

“ఇది ఎప్పుడు తెచ్చింది?”

“మంగళారమే. కూడు గంప నెత్తిన పెట్టుకొని, ఆ గంపలోనే డబ్బా తెచ్చింది. అయ్యగారు పోయిన కబురు అప్పటికింకా రాలా.” చెప్పి, నా మొహం చూసి ఆగిపోయాడు. “ఏంది సార్? ఏమైంది?”

ఏమీ కాలేదన్నాను. ఏసోబును ఎప్పుడు వదిలారని ఎవరినో అడిగితే, ఇందాకే నడిచి బయల్దేరాడన్నారు. నేను కొండ కింద పల్లెకు నడిచాను. మామూలుగా నడిచాననుకున్నాను గాని, చేరేసరికి రొప్పుతున్నాను.

దేవమ్మ ఇంటి ముందు పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. కూడు వండి దించింది. పక్కన చిన్న చట్టిలో పులుసు ఉడుకుతోంది. నన్ను చూసి పీట జరిపింది.

“ఇడిశారంట గదా సార్. ఇప్పుడే పిల్లలు చెప్పారు. మీ మేలు మరిచిపోను.”

“యోహాను బండి చూసి వస్తున్నాను దేవమ్మా.”

గరిటె ఆగలేదు. పులుసు కలుపుతూనే ఉంది.

“రంగు పోయిందని బావగారు మొన్ననే అన్నాడు. నూనెకి రంగు పోతదని నాకేం తెలుసు సార్? తెలిస్తే కాలవలో పోసేదాన్ని.” ఆగి, “పోసేదాన్ని కాదేమోలే. చేతులు రావు” అంది.

కాదనడం లేదు, బుకాయించడం లేదు, ఏడవడం లేదు. ఎవరింటి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

“ఎందుకు తీశావు?”

“మా తమ్ముడు మోషే ఈ క్వారీలోనే బండలు పేల్చేవోడు సార్. ఎండలు మొదలయినప్పుడు కనపడకుండా పోయాడు. అడ్వాన్సు తీసుకొని పారిపోయాడని అయ్యగారు అన్నాడు. ఈయనా అదే అన్నాడు. ఆ మర్నాడు పొద్దున కారు డిక్కీ కడిగింది నేనే. అంతా రగతం. అయ్యగారింట్లో విందుకి యాటను కోసి తెచ్చామన్నాడు ఈయన. నమ్మి కడిగా. రెండు బిందెల నీళ్లు పోసి కడిగా.”

“తర్వాత?”

“పోయిన వారం కంకర కొడతా ఉంటే రాళ్లల్లో వాడి చొక్కా చెయ్యి దొరికింది. నేను కుట్టిందే. పేలుడుకి చచ్చిపోతే, పోలీసులొస్తే క్వారీ మూతపడుద్దని వాణ్ణి డిక్కీలో ఏసుకొని పోయారు. తోలింది నా మొగుడు. ఇంటికొచ్చి నా పక్కన కూర్చొని కూడు తిన్నాడు సార్. ఇన్నాళ్లూ రోజూ తిన్నాడు.”

“మంగళవారం కారులో ఇద్దరూ ఉంటారని తెలిసే నూనె తీశావా?”

“ఇద్దరూ ఉంటారనే తీశా.”

“మరి నన్నెందుకు పిలిచావు తల్లీ? వదిలేస్తే కోర్టే ఉరి వేసేది కదా?”

“ఏస్తే నోరు మూసుకొనే పోతాడు. మోషేని యాడ పడేశాడో నాకు తెలవాలి. లాకప్పు కాడ పోలీసోళ్లు పక్కనుంటే అడగలేను. ఇంటికి రావాలి. అందుకని మిమ్మల్ని పిలిచా.”

“చెప్పినాక?”

గరిటె తీసి చట్టి అంచుకు కొట్టింది.

గుమ్మంలో నీడ పడింది. ఏసోబు వచ్చాడు. నన్ను చూశాడు, ఆమెను చూశాడు. మేము ఏం మాట్లాడుకుంటున్నామో అడగలేదు.

“కాళ్లు కడుక్కో” అంది దేవమ్మ. “కూడు తిందువు.”

అతను కాళ్లు కడుక్కుని వచ్చి పొయ్యి ఎదురుగా కూర్చున్నాడు. ఎవరూ అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

“సత్రశాల రేవు కాడ ఉన్నాడే. ఏట్లో ఎయ్యమన్నాడు అయ్యగారు. నాకు చేతులు రాలా. ఆయన్ని కారులో కూర్చోబెట్టి, పోయి గట్టు మీద ఇసక తవ్వి పూడ్చా. రెండు కర్రలు సిలవ చేసి పెట్టా. ప్రార్థన కూడా చేశా, నాకొచ్చినంత.” చేతి తడి పంచెకు తుడుచుకున్నాడు. “నీకు చెబుదామని రోజూ అనుకునేవోణ్ణి. నోరు రాలేదే.”

దేవమ్మ అంతా వింది. మొహంలో ఏ మార్పూ లేదు. చెంప మీద నుంచి మాత్రం నీళ్లు దిగుతున్నాయి, వాటిని ఆమె తుడుచుకోవడం లేదు. కంచం తీసి అతని ముందు పెట్టింది. కుండలోంచి కూడు పెట్టింది. చిన్న చట్టి దగ్గరికి లాక్కుని, గరిటెడు పులుసు కూడు మీద పోసింది.

తనకు మాత్రం కంచం పెట్టుకోలేదు. నా లోపల ఏదో కదిలింది. ఏడాదిగా మొద్దుబారి ఉన్నవాణ్ణి, నాకు భయమేసింది. నిజమైన భయం, కాళ్లలోంచి వచ్చేది. నేను పీట ముందుకు జరుపుకున్నాను.

“నాకూ ఒక కంచం పెట్టు దేవమ్మా. పొద్దుటినుంచి ఏమీ తినలేదు.”

ఆమె చట్టి మీద మూత పెట్టేసింది.

“మీకొద్దు సార్.”

ఏసోబు ఆ మాట విన్నాడు. ఆమె వైపు ఒకసారి చూసి, కంచం తన దగ్గరికి లాక్కుని, కూడు కలపడం మొదలుపెట్టాడు.